కాళేశ్వరం కింద పగులు

ప్రాణహిత నది పొడవు 113 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బస్సెక్కితే స్టేషన్ ఘన్‌పూర్ చేరేసరికి దాదాపు అంత దూరం అయిపోతుంది. వికీపీడియాలో కాళేశ్వరం పేజీ తెరిచి, కనబడ్డ లింకునల్లా నొక్కుకుంటూ పోయేవాళ్ళను మొదట నిలబెట్టేది ఈ అంకె. దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది మరి. ఈ నదికి నీళ్ళిచ్చే నేల విస్తీర్ణం 1,09,078 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ రాష్ట్రమంతా కలిపితే 1,12,077. అంటే ఇంచుమించు ఒక రాష్ట్రమంత నేల మీద కురిసిన వాన, 113 కిలోమీటర్ల నదిలోంచి పారి కాళేశ్వరం దగ్గర గోదావరిని చేరుతోంది. గోదావరి మొత్తం పరీవాహక ప్రాంతం 3,12,812 చదరపు కిలోమీటర్లు. అందులో మూడో వంతుకు మించి ఈ పొట్టి నదిదే. మంజీర, ఇంద్రావతి, శబరి, ఏ ఉపనదీ దీనికి సాటి రాదు.

ఇంత పొట్టి నదికి అంత నేల ఎలా వచ్చిందంటే, పేర్లు పెట్టే పద్ధతి వల్ల. సాత్పురా కొండల్లో ముల్తాయి దగ్గర పుట్టే వార్ధా, సివనీ జిల్లాలో పుట్టే వైన్‌గంగ, రెండూ చెరో 500 కిలోమీటర్లు దాటి ప్రయాణిస్తాయి. దారిలో పెన్‌గంగ వచ్చి వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ ఆసిఫాబాద్ జిల్లా తుమ్మిడిహెట్టి దగ్గర కలిశాక రెండు పేర్లూ పోయి ప్రాణహిత అన్న కొత్త పేరు మొదలవుతుంది. వైన్‌గంగ పేరునే కిందిదాకా కొనసాగించి ఉంటే ఎవరికీ ఏ వింతా కనబడేది కాదు. అయితే పేరు సంగతి తేలినా, కాళేశ్వరం సంగమం ఘాట్ మీద నిలబడితే ఇంకో సంగతి తేలకుండా మిగిలిపోతుంది.

త్ర్యంబకంలో పుట్టిన గోదావరి మహారాష్ట్ర దాటి, శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి జలాశయాల్లో ఆగి ఆగి, పడమటి నుంచి కాళేశ్వరం చేరుతుంది. ఎండాకాలంలో ఆ వైపు కనబడేది ఎక్కువగా ఇసుకే. ప్రాణహిత ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది, ఎండల్లోనూ ఎంతో కొంత పారుతూనే ఉంటుంది. కలిశాక నది ఎటు పోతోంది? అంతదాకా తూర్పుకు నడిచిన గోదావరి తన దారి వదిలేసి ప్రాణహిత పట్టుకున్న దిక్కుకు మళ్ళుతుంది. అక్కణ్ణుంచి ఏటూరునాగారం, భద్రాచలం మీదుగా ఆగ్నేయంగా సాగుతుంది. నీళ్ళ లెక్క చూసినా, దిక్కు చూసినా ప్రాణహిత గోదావరిలో కలిసిందనడం కన్నా, గోదావరే వచ్చి ప్రాణహిత దారిలో పడింది అనడం న్యాయం. పుష్కరాలకు వచ్చిన భక్తులతో ఈ మాట అనకపోవడమే మంచిది గానీ, భూగర్భ శాస్త్రజ్ఞులు మాత్రం కాదనరు. ఈ లోయ వాళ్ళ పుస్తకాల్లో గోదావరి లోయ కాదు, ప్రాణహిత–గోదావరి లోయ. ప్రాణహిత పేరే ముందు.

ఆ దారి నది తవ్వుకున్నది కాదు. నది పుట్టక చాలా ముందే అక్కడ నేల పగిలింది.

ఇప్పటికి దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట ఇండియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే భూఖండంగా అతుక్కుని ఉండేవి. దాని పేరు గోండ్వానా. ప్రపంచమంతా వాడే ఆ పేరు మధ్య భారతంలోని గోండుల నేల మీద నుంచి తీసుకున్నదే. ప్రాణహితకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో ఆ గోండులు ఇప్పటికీ ఉన్నారు. ఆ మహాఖండంలో మన భాగం కింద రెండు గట్టి రాతి దిమ్మలు పక్కపక్కన ఉండేవి. నైరుతిన ధార్వాడ్ దిమ్మ, ఈశాన్యాన బస్తర్ దిమ్మ. భూమి లోపలి లాగుడుకు రెండింటి మధ్య అతుకు సాగింది. సాగినచోట రాయి పలచబడి, అటూ ఇటూ నిలువునా చీలికలు పడి, మధ్యలోని పట్టీ కిందికి జారింది. నులక బిగుతు తగ్గిన మంచం నడిమధ్యలో కుంగితే ఏం జరుగుతుందో అదే జరిగింది. చుట్టుపక్కలున్నదంతా దొర్లుకుంటూ వచ్చి అందులోనే చేరింది. వాగులు, ఏళ్ళు, వాటి ఇసుక, బురద, కొట్టుకొచ్చిన చెట్లు, చచ్చిన జంతువులు, అన్నీ. మేట బరువుకు పట్టీ ఇంకా కుంగింది, కుంగినకొద్దీ ఇంకా మేట పడింది. అలా కోట్ల ఏళ్ళలో కొన్ని కిలోమీటర్ల మందం రాయి పేరుకుంది.

ఇలాంటి పగుళ్ళన్నీ ఒకలాగే ముగియవు. ఎర్రసముద్రం దగ్గర నేల పూర్తిగా విడిపోయి మధ్యలోకి సముద్రమే వచ్చింది. తూర్పు ఆఫ్రికాలో విడిపోవడం ఇప్పుడూ జరుగుతోంది. మన దగ్గర ఆ పని మధ్యలో ఆగిపోయింది. పూర్తయి ఉంటే భూపాలపల్లి ఒక ఖండంలో, సిరొంచ ఇంకో ఖండంలో ఉండేవేమో. ఆగిపోయిన పగులుకు గుర్తుగా మిగిలింది వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన పొడవాటి పల్లపు పట్టీ. దానిలోకే ప్రాణహిత దిగింది, దానిలోకే గోదావరి మళ్ళింది.

ఈ పట్టీ ఎటు పోయిందో తెలుసుకోవడానికి భూగర్భ పటం అక్కర్లేదు. సింగరేణి గనుల ఊళ్ళు గుర్తుంటే చాలు. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, ఇల్లందు, కొత్తగూడెం, సత్తుపల్లి. మామూలు తెలంగాణ మ్యాపు మీద వీటిని కలుపుతూ పెన్సిల్ లాగితే పగులు ఎలా సాగిందో కనబడుతుంది. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిన విలియం కింగ్, తర్వాత పదేళ్ళకు ఈ లోయ భూగర్భమంతటి మీదా ఒక గ్రంథమే రాశాడు. జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగి ఆయన.

ఈ బొగ్గు అడుగున ఏముందో తెలిస్తే నమ్మబుద్ధి కాదు. మంచు మోసుకొచ్చిన రాళ్ళు. లోయలో అన్నిటికన్నా కింద ఉన్న గోండ్వానా పొరలో, బురదలో గుచ్చుకున్నట్టుండే గుండ్రాళ్ళు, బండరాళ్ళు కలగాపులగంగా దొరుకుతాయి. ఏరు మోస్తే రాళ్ళు సైజుల వారీగా సర్దుకుంటాయి. చిన్నా పెద్దా అంతా కలిపి ఒకేచోట దించి పోవడం హిమానీనదాల పద్ధతి. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండం, భూపాలపల్లి ప్రాంతం అప్పట్లో దక్షిణ ధ్రువానికి అంత దగ్గరగా ఉండేది మరి. మంచు కరిగాక చిత్తడి అడవులు పెరిగాయి. నాలుక ఆకారపు ఆకులున్న గ్లాసోప్టెరిస్ చెట్లవి. అవి కూలి, నీళ్ళలో మునిగి, కుళ్ళే లోపే బురద కప్పేస్తే బొగ్గయ్యాయి. అదే ఆకు అచ్చులు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, ఆఖరికి అంటార్కిటికాలో కూడా దొరికాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ మంచులో ప్రాణాలు వదిలిన కెప్టెన్ స్కాట్ బృందం, నడవలేని స్థితిలోనూ 16 కిలోల రాళ్ళను వదలకుండా లాక్కొచ్చింది. అందులో గ్లాసోప్టెరిస్ ఆకులు ఉన్నాయి. చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రంలో 1,100 మెగావాట్ల కరెంటు కోసం మండిస్తున్నది ఆ చెట్లనే.

బొగ్గు కథ సింగరేణి పుణ్యమా అని అందరికీ ఎంతో కొంత తెలుసు. దాని పైపొరల కథే తెలియదు. అసలు వింతలు అక్కడ ఉన్నాయి.

బొగ్గు పొరల పైన వరసగా ఉన్న రాతి పొరలకు శాస్త్రజ్ఞులు ఊళ్ళ పేర్లే పెట్టారు. కింది నుంచి పైకి ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట. బ్రెజిల్‌లోనో చైనాలోనో పాత ఎముకల మీద పనిచేసే పరిశోధకుడికి మన జిల్లా కేంద్రాల పేర్లు తెలియకపోవచ్చు గానీ మలేరి, కోట బాగా తెలుసు. మలేరి ఎర్రమట్టి పొర వయసు దాదాపు 22 కోట్ల ఏళ్ళు. అక్కడ దొరికిన జంతువుల్లో హైపెరోడాపెడాన్ ఒకటి. పంది సైజులో, చిలుక ముక్కులాంటి మూతితో, మొక్కలు నమిలి బతికే పాకుడు జంతువు. మన దగ్గర దొరికిన జాతికి హక్స్‌లీ పేరు పెట్టారు. డార్విన్ తరఫున ఊరూరా వాదించి తిరిగిన ఆ హక్స్‌లీయే. దీని సొంత అన్నదమ్ములాంటి జాతిని ఆయనే 1859లో వర్ణించాడు. అది దొరికింది స్కాట్లాండ్‌లోని ఎల్గిన్ దగ్గర. సముద్రాలు ఈదలేని, ఎగరలేని ఈ లావుపాటి జంతువు ఎల్గిన్‌లోనూ ఆసిఫాబాద్ వైపునా ఎలా ఉంది? నడిచే వెళ్ళింది. అప్పటికి ఉత్తరాది భూఖండాలు కూడా వచ్చి గోండ్వానాకు అతుక్కుని, ప్రపంచమంతా ఒకే నేలగా ఉంది. మధ్యలో సముద్రం లేదు.

అదే పొరలో ముతాపురం అనే ఊరి దగ్గర మొసలిలాంటి పారాసుకస్‌ల రెండు అస్థిపంజరాలు దాదాపు చెక్కుచెదరకుండా దొరికాయి. వాటి కడుపు భాగంలో వేరే జంతువుల ఎముకలు. మీటరుకు కొంచెం మించిన పొడవున్న, పొడవాటి మెడ గల బల్లిలాంటి జంతువులవి. తిన్నది అరగక ముందే తిన్నవీ పోయాయి. లోపలున్నవి శాస్త్రానికి అప్పటికి తెలియని జంతువులు. 1980లో శాస్త్రజ్ఞుడు శంకర్ చటర్జీ వాటికి మలేరిసారస్ అని పేరు పెట్టి లోకానికి పరిచయం చేశారు. ఇంకో జంతువు కడుపులో ఉండి కొత్త జాతిగా నమోదు కావడం, 22 కోట్ల ఏళ్ళ తర్వాత మంచి అదృష్టమే.

చటర్జీ ఇదే పొరలో దొరికిన ఒక చిన్న రాక్షసబల్లికి 1987లో వాకేరియా అని పేరు పెట్టారు, ఆలిక్ వాకర్ అనే శాస్త్రజ్ఞుడి గౌరవార్థం. తీరా చూస్తే ఆ పేరు ఎప్పుడో సముద్రంలో రాళ్ళకు అంటుకుని పెరిగే చిన్న చిన్న జంతువుల వర్గమొకదానికి ఇచ్చేశారు. జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమాల్లో ముందు పెట్టినవాడిదే పేరు. కాబట్టి 1994లో దాన్ని మార్చాల్సి వచ్చింది. ఈసారి ఇంటిపేరుకు సొంతపేరు కూడా తగిలించి ఆల్వాకేరియా మలేరియెన్సిస్ అన్నారు. ఊరి పేరు మాత్రం అలాగే ఉంది.

కాళేశ్వరం నుంచి వంతెన దాటితే సిరొంచ. మహారాష్ట్రే అయినా బజారులో తెలుగు వినబడుతుంది. సిరొంచకు ఉత్తరాన ప్రాణహిత ఎడమ గట్టు మీద ఉన్న కోట అనే ఊరి సున్నపురాయిలో 1850 ప్రాంతంలోనే చేపల అచ్చులు దొరికాయి. పొలుసు పొలుసూ లెక్కపెట్టగలిగేంత స్పష్టమైన అచ్చులు. మంచినీటి చెరువు అడుగున మెత్తటి సున్నపు బురదలో పడి, కదిలించేవారు లేక అలాగే ఉండిపోయిన చేపలవి. వాటి కోసం లండన్ దాకా ఆసక్తి పెరిగింది. అయినా ఆ పొరలో చేపలకన్నా చాలా పెద్దవి ఉన్నాయని తెలియడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

అందుకు కారణం లెక్కల మనిషి ఒకాయన. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కు గణాంకాలతోపాటు ఎముకల మీదా, రాళ్ళ మీదా మోజుండేది. లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి శిలాజ శాస్త్రజ్ఞురాలు పామెలా రాబిన్సన్‌ను పిలిపించి, ఆవిడ సాయంతో తన సంస్థలో భూగర్భ అధ్యయన విభాగం పెట్టించాడు. పంచవర్ష ప్రణాళికలకు లెక్కలు కట్టే సంస్థ రాక్షసబల్లులను తవ్వడమేమిటని ఆ రోజుల్లో చాలామంది అనుకునే ఉంటారు. ఆ విభాగం వాళ్ళు ప్రాణహిత–గోదావరి లోయకు వచ్చారు. 1958లో పోచంపల్లి దగ్గర మొదటి ఎముకలు కనబడ్డాయి. ఇది పట్టుచీరల పోచంపల్లి కాదు, సిరొంచ తాలూకాలోనిది. 1960, 61లో అసలు తవ్వకం సాగింది. మనిషి నిలువెత్తు తొడ ఎముకతో సహా దాదాపు 300 ఎముకలు బయటపడ్డాయి. అవి కనీసం ఆరు జంతువులవి. వాటి పక్కనే రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మొద్దులు. మంద మందంతా ఒక పెద్ద వరదలో కొట్టుకుపోయి, చెట్లతో సహా ఒకచోట మేటపడి ఉంటుందని ఊహ. 2022 జులైలో కాళేశ్వరం ఎత్తిపోతల పథకం కన్నెపల్లి, అన్నారం పంపుహౌస్‌లను ముంచిన గోదావరిని చూసినవాళ్ళకు ఆ ఊహ మరీ విపరీతంగా అనిపించదు.

1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం. తవ్వినవాళ్ళలో బెంగాలీలు ఎక్కువ. జంతువు కాళ్ళు పెద్దవి. ఇంకేం, బెంగాలీలో పెద్ద కాలుకు ‘బడో పా’ అంటారు కనుక బారాపాసారస్ అయింది, కవి పేరు కలిసి బారాపాసారస్ టాగోరీ అయింది. 1975లో ఈ పేరు అధికారికంగా ప్రచురితమైంది. ప్రపంచంలో ఒక కవి పేరు మోస్తున్న రాక్షసబల్లులు ఎక్కువ ఉండవు. దాదాపు 14 మీటర్ల పొడవు, 7 టన్నుల బరువు ఉండేదని అంచనా. పొడవాటి మెడ, నాలుగు కాళ్ళు, ఆకులు మేసే జాతి. తర్వాతి కాలంలో భూమి మీద నడిచిన అతి భారీ జంతువులన్నీ ఈ కుదురులోవే. అంత పాత కాలంలో, అంటే సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందట, ఆ కుదురుకు చెందిన జంతువు ఇంత పూర్తిగా దొరకడం అప్పటికి ప్రపంచంలో అరుదు. అందుకే పెద్ద జంతువులు రెండు కాళ్ళ నడక నుంచి నాలుగు కాళ్ళ మీదికి ఎలా దిగాయో చెప్పే పుస్తకాల్లో దీని పేరుంటుంది. ఇప్పుడది కలకత్తాలో, ఆ సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది.

నది ఇవతలి గట్టున, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, 1970ల చివర్లో జియొలాజికల్ సర్వే వాళ్ళకు ఇంకో ఎముకల గుట్ట దొరికింది. 2,400 చదరపు మీటర్ల జాగాలో 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి. 9 మీటర్ల ఈ జంతువు బారాపాసారస్ కన్నా చిన్నది, పోలికలు ఇంకా పాతవి. 1988లో ఆ సర్వే శాస్త్రజ్ఞుడు యాదగిరి దీనికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దీన్ని చూడటానికి కలకత్తా పోనక్కర్లేదు, హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. నౌబత్ పహాడ్ మీద ప్లానెటేరియం చూసి పక్కనే ఉన్న దీన్ని చూడకుండా దిగిపోయేవాళ్ళను చూస్తే నాకు కొంచెం కోపం వస్తుంది.

ఈ రెండింటికీ తల లేదు. ఆరు జంతువుల ఎముకలు ఒకచోట, పన్నెండింటివి ఇంకోచోట దొరికినా, ఒక్క పుర్రె కూడా దొరకలేదు. పళ్ళు మాత్రం దొరికాయి. తలా తోకా లేని కథ అంటారే, ఇక్కడ తోక ఉంది. కారణం విచిత్రమేం కాదు. అంత పొడవాటి మెడ చివర బరువైన తల పెట్టుకుంటే మోయలేదు, కాబట్టి ఈ జాతికి తలలు చిన్నవి, ఎముకలు పలచనివి, మెడకు అంటుకున్న కీలు కూడా బలహీనం. జంతువు చచ్చి కండ కుళ్ళగానే ముందు ఊడిపోయేది తలే. నీటి ఊపుకు అది ముక్కలై కొట్టుకుపోతుంది. పింగాణీ పూతతో గట్టిగా ఉండే పళ్ళు మిగులుతాయి. మ్యూజియంలో ఇలాంటి అస్థిపంజరానికి తల అమర్చాల్సి వస్తే అది ఊహించి చేసిందే.

పెద్దవాటి సంగతి ఇలా ఉంటే, నాకు వాటికన్నా ముద్దొచ్చేవి అతి చిన్నవి. కోట పొర మట్టిని బస్తాలకొద్దీ తవ్వి, నీళ్ళలో నానబెట్టి, సన్నటి జల్లెడల్లో కడిగి, మిగిలిన నలుసులను మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటే తిప్పి చూశారు. అందులో మిల్లీమీటర్ల లెక్కన ఉండే పళ్ళు. ఎలుకంత పాలిచ్చే జంతువులవి. అంటే బారాపాసారస్ కాళ్ళ సందున మన పూర్వీకుల చుట్టాలు పరిగెత్తుతున్నాయి. వాటిలో ఒకదానికి 1981లో కోటథీరియం హాల్డేనీ అని పేరు పెట్టారు. బ్రిటన్ వదిలి వచ్చి, మహలనోబిస్ సంస్థలో పనిచేసి, భారత పౌరసత్వం తీసుకుని, భువనేశ్వర్‌లో కన్నుమూసిన జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ గుర్తుగా. అదే జల్లెడ పద్ధతిలో గోదావరిసారస్, రెబ్బనసారస్ దొరికాయి. రెబ్బన మన ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెనే. వీటి దగ్గరి చుట్టం ఇప్పుడు ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్కటి బతికి ఉంది, న్యూజిలాండ్‌లోని ట్వటారా. చూడ్డానికి బల్లిలా ఉంటుంది, కానీ బల్లి కాదు. భారతగామా రెబ్బనెన్సిస్ అని ఇంకోటి, 2002లో వర్ణించినప్పుడు మన కంచెల మీద తలాడించే తొండల వర్గంలో పెట్టారు.

పైకి, ఇప్పటి కాలానికి వద్దాం. ఈ పొరలన్నీ ప్రధానంగా ఇసుకరాయి, మట్టిరాయి. అరిగితే మళ్ళీ ఇసుకే అవుతాయి. ఎగువ నుంచి నదులు తెచ్చే ఇసుక దానికి తోడు. అందుకే కాళేశ్వరం దగ్గర నదిలో నీళ్ళకన్నా ఇసుకదే రాజ్యం.

కాళేశ్వర ముక్తేశ్వరస్వామి గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి యముడిది, ఒకటి శివుడిది. ముక్తేశ్వర లింగానికున్న రంధ్రాల్లో ఎన్ని బిందెలు పోసినా నిండదనీ, ఆ నీళ్ళు నేల కింద నుంచి పోయి సంగమంలో కలుస్తాయనీ భక్తుల నమ్మకం. సంగమంలో మూడో నదిగా సరస్వతి అంతర్వాహినిగా ఉందని కూడా నమ్మకం. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలు ఇక్కడ ఘనంగా జరిగాయి. నమ్మకాలను పరీక్షించడం ఈ వ్యాసం పని కాదు. అయితే నేల కింద నది పారడమన్నది మాత్రం నదీతీరాల్లో ఎవరికీ కొత్త కాదు. ఎండిన ఏట్లో చెలిమ తవ్వితే మూరెడు లోతులో నీళ్ళు ఊరతాయి. అవి నిలవ నీళ్ళు కావు, మెల్లగా కదులుతున్న నీళ్ళు. బకెట్ ఇసుకలో మూడో వంతు దాకా ఖాళీయే ఉంటుంది, ఆ ఖాళీలన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటాయి. పైన నది ఎండినా కింద ఇసుకలో ఇంకో నది వాలును బట్టి సాగుతూనే ఉంటుంది.

చెలిమకు వరమైన ఈ గుణమే బ్యారేజీకి పరీక్ష. కాళేశ్వరం ఎత్తిపోతల పథకం 2019 జూన్ 21న ప్రారంభమైంది. సంగమానికి దిగువన 85 గేట్లతో మేడిగడ్డ బ్యారేజీ, ఎగువన గోదావరి మీద అన్నారం, సుందిళ్ళ. పంపులు నడిచినప్పుడు ప్రాణహిత తెచ్చిన నీళ్ళు గోదావరిలో వెనక్కి, ఒక బ్యారేజీ నుంచి ఇంకో బ్యారేజీకి ఎగబాకుతూ ఎల్లంపల్లి చేరతాయి. సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తున్న మేడిగడ్డ నుంచి 600 మీటర్లు దాటిన కొండపోచమ్మసాగర్ దాకా వాటి ప్రయాణం. దారిలో లక్ష్మీపూర్ దగ్గర నేల కింద కట్టిన పంపుహౌస్‌లో ఒక్కో మోటారు సామర్థ్యం 139 మెగావాట్లు.

ఇసుక మీద కట్టిన అడ్డుకట్ట వెనుక నీళ్ళు నిలిస్తే, ఆ బరువుకు కింద ఇసుకలోని నీళ్ళు వేగం పుంజుకుంటాయి. దిగువకు బయటపడేచోట ఆ వేగం హద్దు మీరితే నీళ్ళతోపాటు ఇసుక రేణువులు కూడా కదులుతాయి. మొదట చెంచాడు పోతుంది, పోయినచోట దారి ఏర్పడుతుంది, దారి ఏర్పడితే ఇంకా వేగం, ఇంకా ఇసుక. ఇంజనీర్లు దీన్నే పైపింగ్ అంటారు. దీన్ని ఆపడానికే పునాది కింద లోతుగా అడ్డుగోడలు దించుతారు, దిగువన కాంక్రీటు దిమ్మలు పరుస్తారు. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. పరిశీలించిన జాతీయ డ్యాం సేఫ్టీ అథారిటీ ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిట్లోనూ లోపాలున్నాయని చెప్పింది, పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని ప్రస్తావించింది. రాజకీయ వాదన ఎటు తిరిగినా ఇసుక తన పద్ధతిని మార్చుకోదు.

ఇక ఆ పగులు సంగతి. ఆగిపోయింది అన్నాను గానీ చచ్చిపోయింది అనలేదు. పాత చీలికలు భూమిలో బలహీనమైన చోట్లుగా అలాగే ఉండిపోతాయి. భారత ఫలకం ఉత్తరాన హిమాలయాలను నెడుతున్నంత కాలం లోపల ఒత్తిడి పేరుకుంటూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. సర్దుకోవడానికి కొత్త రాయి పగలడం కన్నా పాత పగులు జారడమే తేలిక. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబర్ 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చింది. వరంగల్, భూపాలపల్లి, ఖమ్మంలోనే కాదు, హైదరాబాద్‌లోనూ జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. తెలంగాణలో భూకంపమేమిటని టీవీల్లో రోజంతా ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం అక్కర్లేదు. 2002 నాటి భూకంప ప్రమాద పటంలోనే రాష్ట్రంలో ఎక్కువ భాగం జోన్ 2లో ఉంటే, గోదావరి లోయ పొడవునా ఒక పట్టీని విడిగా జోన్ 3లో చూపించారు. ఆ పట్టీ ఆకారం సింగరేణి ఊళ్ళ మీదుగా పెన్సిల్‌తో గీసిన గీతకు దగ్గరగా ఉంటుంది.

5 కొంచెం దాటిన తీవ్రతకు సరిగ్గా కట్టిన ఇల్లు కూలదు. సరిగ్గా కట్టడమంటే సిమెంటు ఎక్కువ వేయడం కాదు. పిల్లర్‌లో నిలువు ఇనుప కడ్డీలను చుట్టి ఉండే రింగులు, ముఖ్యంగా పిల్లర్ స్లాబును కలిసేచోటా పునాది దగ్గరా, దగ్గరదగ్గరగా ఉండాలి. రింగు కొసలను ఊరికే లంబంగా మడిచి వదిలేయకుండా లోపలికి, కాంక్రీటులోకి దిగేలా వంచాలి. అలా వంచితే ఊగినప్పుడు రింగు విచ్చుకోదు, పిల్లర్ అంత తేలిగ్గా పగలదు. ఖర్చు పెద్దగా పెరగదు, కడ్డీలు కట్టేవాళ్ళకు ఇంకో పూట పని పెరుగుతుంది. మహదేవపూర్‌లోనో, భూపాలపల్లిలోనో, ములుగులోనో ఇల్లు మొదలుపెట్టేవాళ్ళు వాస్తు చూపించుకున్న రోజే మేస్త్రీని ఈ రింగుల సంగతి కూడా అడగవచ్చు.